మూడు రోజుల రొట్టె

నేను లారీలను తూస్తాను. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. పాత ఇనుము కొనే డిపో గేటు పక్కన నేలలో పరిచిన పెద్ద ఇనుప పలక, దాని పక్కన నా గది. గది అంటే గొప్పగా ఉంటుంది గానీ, ఒక కుర్చీ, ఒక బల్ల, అంకెలు చూపించే పెట్టె, ఒక కిటికీ, అంతే. నేను కూర్చుంటే తలుపు పూర్తిగా పడదు. డ్రైవర్లు నన్ను కాటా అక్క అంటారు. వెనకాల ఇంకేమంటారో కూడా నాకు తెలుసు. నూట పన్నెండు కిలోల మనిషి లారీల బరువు చూడడం వాళ్ళకు రోజూ కొత్త జోకే.

జోకులేసుకుంటే వేసుకున్నారు, నన్ను మోసం చెయ్యడం మాత్రం వాళ్ళ తరం కాదు. నిండు బండి తూచేటప్పుడు లోపలే కూర్చుంటారు, ఖాళీ బండి తూచేటప్పుడు టీ నెపంతో దిగిపోతారు. ఇనుము కింద తడిసిన ఇసుక బస్తా, సీటు వెనక రాళ్ళు. ఎవడు ఏది ఎక్కడ దాచాడో వాడు నా కిటికీ దగ్గరికి నడిచొచ్చే తీరు చూసి చెప్పగలను. ఒకటికి రెండుసార్లు అటువైపు చూడకుండా ఉండలేరు పాపం.

ఇంట్లో మేం ముగ్గురం. నేను, నా తమ్ముడు, వాడి భార్య. తమ్ముడికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో యంత్రానికి రక్తం అప్పగించి, నాలుగేసి గంటలు పడుకుని వస్తాడు. ఎవరైనా ఒక కిడ్నీ ఇస్తే తప్ప ఇది ఎక్కువ కాలం సాగదని చెప్పారు. మరదలిది కుదరలేదు. నాది కుదిరింది. ఆ కాగితం చదివిన పూట ఇద్దరూ నా మొహంలోకి చూశారు. ఎవరూ ఏమీ అడగలేదు. అడగకుండానే నేను సరే అన్నాను. అడిగినా అదే మాట అనేదాన్ని. కానీ అడగలేదు.

కిడ్నీ ఇచ్చేవాళ్ళ కోసం ఆ ఆసుపత్రిలో వేరే డాక్టరు ఉంటుంది. కళ్ళజోడు తాడుకు కట్టి మెళ్ళో వేలాడేసుకునే మనిషి. తమ్ముడి డాక్టరుకు తమ్ముడు ముఖ్యం, ఈవిడకు నేను ముఖ్యం. నా రక్తం పరీక్ష చేయించి, చక్కెర జబ్బు ఇంకా రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చి నిలబడిందని చెప్పింది. తిన్నది చక్కెరగా మారి రక్తంలోకి వస్తుందట. దాన్ని కండల్లోకి పంపించేది ఇన్సులిన్. నా కాలేయమూ కండలూ కొవ్వు పట్టి ఆ ఇన్సులిన్ మాట వినడం మానేశాయి. వినని పిల్లాడి మీద తల్లి గొంతు పెంచినట్టు, నా ఒళ్ళు ఉండాల్సిన దానికి మూడింతల ఇన్సులిన్ వదులుతోంది. ఇలాగే సాగితే ఒకరోజు దాన్ని వదిలే గ్రంథి అలిసిపోతుంది. ఒక్క కిడ్నీతో చక్కెర జబ్బు మోసే మనిషిని నా చేతులతో తయారు చెయ్యను అంది.

పరీక్ష ఒకటే. పరగడుపున చక్కెర నీళ్ళు తాగించి, రెండు గంటల తరవాత రక్తంలో చక్కెర ఎంతుందో చూస్తారు. నూట నలభై లోపు ఉండాలి. నాది నూట డెబ్బై రెండు. బరువు తగ్గి రమ్మంది. రోజుకు నాలుగు పొట్లాల పొడి, నీళ్ళలో కలుపుకుని తాగడం, రెండు పూటలా ఉడికించిన కూరగాయలు. పదకొండు వారాలు.

ఆ పదకొండు వారాలనూ మరదలు తన నెత్తిన వేసుకుంది. ఆమె చెడ్డ మనిషి కాదు, ముందే చెబుతున్నాను. మొగుడు కళ్ళ ముందు నల్లబడిపోతుంటే ఏ ఆడదైనా ఏం చేస్తుంది? మొదటి రోజే వడ్రంగిని పిలిచి వంటింటి తలుపుకు గొళ్ళెం కొట్టించి తాళం వేసింది. పొట్లాలు తన చేత్తో కలిపి ఇచ్చేది. తాగేదాకా ఎదురుగా నిలబడి, గ్లాసు కడిగి, తాళం వేసి, చెవి తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళేది. ఇంటి అద్దెలో సగం నా జీతంలోది, వంటింటి తాళంచెవి ఆమెది. ఆ మాట అందామని నాలిక చివరిదాకా వచ్చేది. తమ్ముడి మొహం చూసి మింగేసేదాన్ని. నేను మింగగలిగినవి ఆ రోజుల్లో అవే.

ఆకలి కడుపులో ఉంటుందని అంతకుముందు అనుకునేదాన్ని. అది ముక్కులో ఉంటుంది. డిపోలో మధ్యాహ్నం డ్రైవర్లు డబ్బాలు మూత తీస్తే, ఏ డబ్బాలో ఏముందో యాభై అడుగుల అవతలి నుంచి నాకు తెలిసిపోయేది. కిటికీ మూసుకుంటే ఉక్కపోత, తెరిస్తే తిండి వాసన. ఇంటికొస్తే తాళం. వీధిలో నడిస్తే రొట్టెల దుకాణం. ఎటు తిరిగినా గోడే తగిలేది.

ఇంకో మనిషి కూడా అలాగే ఉన్నాడు కాబట్టి ఓర్చుకున్నాను. తమ్ముడికి దాహం. ఒంట్లో చేరిన నీళ్ళు బయటికి పోయే దారి లేదు కనక రోజుకు మూడు గ్లాసులకు మించి తాగకూడదు. మంచు ముక్క ఒకటి నోట్లో వేసుకుని అది కరిగేదాకా కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. సాయంత్రాలు ముందు గదిలో నేను ఆకలితో, వాడు దాహంతో టీవీ ముందు కూర్చునేవాళ్ళం. టీవీలో ప్రకటనలన్నీ తినేవీ తాగేవే. ఒకసారి ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని, నవ్వాపుకోలేక ఆయాసపడ్డాం. మరదలు వచ్చి, ఆ నవ్వుకు కారణం ఏమైనా తిన్నానేమోనని నా చేతులు చూసింది.

రెండు వారాలకు రక్తం మళ్ళీ తీశారు. బరువు అయిదు కిలోలే దిగింది, ఇన్సులిన్ మాత్రం సగానికి సగం పడిపోయింది. డాక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. తిండి తగ్గగానే ముందు కాలేయంలో కొవ్వు కరుగుతుందట, అది మాట వినడం మొదలుపెడుతుందట, కండలు తరవాత నెమ్మదిగా దారికొస్తాయట. ఆ రోజు డిపోకి నడుస్తూ వెళ్ళాను. కాటా మీద అంకె ఎంతైనా చూపించనీ, ఇనుము కింద ఇసుక బస్తా తీసేసిన బండిలా ఉన్నాననిపించింది.

ఆరో వారంలో తప్పు చేశాను. ఒక ముసలి డ్రైవరు, కూతురికి బిడ్డ పుట్టిందని, బిస్కెట్ల పొట్లం నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు. నాలుగు తిన్నాను. నాలుగే. మిగతావి కాపలావాడికి ఇచ్చేశాను. కాగితం మాత్రం సంచిలో మర్చిపోయాను. లారీ దొంగలను పట్టే మనిషిని, నా దొంగతనం నాకే చేతకాలేదు. మరదలు ఆ కాగితాన్ని భోజనాల బల్ల మీద పరిచి, దాని ఎదురుగా కూర్చుంది. తమ్ముడు మంచు ముక్క ఉమ్మేసి లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నా మాటకు విలువ లేదు.

పదకొండో వారానికి తొంభై ఏడు కిలోలకు వచ్చాను. గురువారం పరీక్ష అన్నారు. ముందే ఒక కాగితం ఇచ్చారు. అందులో ఇలా ఉంది: పరీక్షకు ముందు మూడు రోజులు పొడి మానేసి, మూడు పూటలా రొట్టె గానీ అన్నం గానీ బంగాళాదుంపలు గానీ కడుపునిండా తినాలి, లేకపోతే ఫలితం సరిగా రాదు. నేను నాలుగుసార్లు చదివాను. సోమవారం పొద్దున ఆ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాను. సరిగ్గా ఆ బిస్కెట్ల కాగితం పరిచిన చోటే.

మరదలు చదివి మడత పెట్టింది.

"ఇది అందరికీ ఇచ్చే కాగితం వదినా. నీకు కాదు. పదకొండు వారాలు నోరు కట్టుకున్న మనిషిని సరిగ్గా పరీక్ష ముందు రొట్టెలు తినమని ఏ డాక్టరైనా చెబుతుందా?"

"ఫోన్ చేసి అడుగుదాం."

"ఫోన్ చేస్తే నువ్వే మాట్లాడతావు, వాళ్ళేమన్నారో నువ్వే వచ్చి చెబుతావు. నాలుగు బిస్కెట్లని కూడా నువ్వే చెప్పావు."

తమ్ముడి వైపు చూశాను. వాడు గ్లాసులో మంచు ముక్కలు లెక్కపెడుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. లావు మనిషి తిండి గురించి నిజం చెప్పినా అది తిండి కోసం చెప్పే అబద్ధమే అవుతుంది. నేను ఆ ఇంట్లో ఏం చెప్పినా ఇరుక్కున్నట్టే. నా కోపం ఎప్పుడూ నా మీదికే వస్తుంది, అదే నాతో వచ్చిన చిక్కు.

"సరే," అన్నాను. "రొట్టె వద్దు. పొడి కూడా వద్దు. మూడు రోజులూ మంచినీళ్ళే. అప్పుడు నమ్ముతారా?"

వద్దని ఎవరూ అనలేదు.

సోమ, మంగళ, బుధ. నీళ్ళు తాగి లారీలు తూచాను. రెండో రోజుకు ఆకలి పోయింది, నోట్లో ఏదో తియ్యటి కంపు మొదలైంది. మూడో రోజు అంకెలు చూపించే పెట్టెలో అంకెలు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. మరదలు కొంచెం మెత్తబడి, పొడి కలపనా అని అడిగింది. వద్దన్నాను. నా పంతం నాకు ఆనందంగా కూడా ఉంది. అబద్ధం ఎందుకు?

గురువారం చక్కెర నీళ్ళు తాగి, రెండు గంటలు కుర్చీలో కూర్చున్నాను. తరవాత డాక్టరమ్మ నన్నొక్కదాన్నే తన గదిలోకి పిలిచింది. పరగడుపున అరవై ఆరు. రెండు గంటలకు నూట తొంభై నాలుగు.

"ఈ రెండు అంకెలూ ఒకే మనిషివిలా లేవు," అందావిడ.

ఆ మాటతో ఆవిడ మీద గౌరవం పెరిగింది. నేనైనా అదే అనేదాన్ని. ఆవిడ నెమ్మదిగా విడమరిచి చెప్పింది. రోజుల తరబడి తిండి లేకపోతే ఒళ్ళు కొవ్వును కాల్చుకుని నడుస్తుంది. ఉన్న కాస్త చక్కెరనూ మెదడు కోసం దాచిపెట్టి, కండల తలుపులు మూసేస్తుంది. ఇన్సులిన్ వదిలే గ్రంథి కూడా మందకొడిగా తయారవుతుంది. అలాంటప్పుడు ఒక్కసారిగా చక్కెర నీళ్ళు పోస్తే, ఆ చక్కెర ఎటూ పోలేక రక్తంలోనే నిలబడిపోతుంది. జబ్బు లేనివాళ్ళు కూడా ఆ పూటకు జబ్బు మనుషుల్లా కనిపిస్తారు. మూడు రోజులు రొట్టె తినమనేది అందుకే.

తరవాత లేచి తలుపు మూసి వచ్చి కూర్చుంది.

"కాగితంలో ఉన్నట్టు తిన్నారా అని అడగాలి. దానికి ముందు ఇంకొకటి. ఇది ఇచ్చేవాళ్ళందరినీ అడుగుతాను. మీకు ఇవ్వాలని ఉందా? లేకపోతే లేదని నాకు చెప్పండి చాలు. పనికిరాదు అని మాత్రమే బయట చెబుతాను. కారణం మీ తమ్ముడికి కూడా తెలియదు."

పదకొండు వారాల్లో నీకు ఇష్టమేనా అని నన్ను ఎవరైనా అడగడం అదే మొదటిసారి. ఒక్క మాటతో తాళం, గొళ్ళెం, పొడి, చేతులు చూడడం, అన్నీ అయిపోతాయి. పైగా అబద్ధం కూడా ఎంత చిన్నది! వాళ్ళు నన్ను ఏది చెయ్యనివ్వలేదో, అదే చేశానని చెబితే చాలు.

"కాగితంలో ఉన్నట్టే తిన్నాను," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసి, రాసుకుంది. వచ్చే బుధవారం పెద్ద డాక్టర్లు కూర్చుని ఎవరెవరికి ఆపరేషనో తేలుస్తారని, మనసు మారితే ఈలోగా రమ్మని చెప్పింది.

ఇంట్లో చెప్పాను, పనికిరాదన్నారని. ఏడుపులు, శాపనార్థాలు ఉంటాయని గుండె దిటవు చేసుకుని మరీ వెళ్ళాను. మరదలు కాసేపు గోడకు ఆనుకుని నిలబడింది. లోపలికి వెళ్ళి తాళంచెవి తెచ్చి వంటింటి తలుపు తీసింది. తాళాన్ని గొళ్ళేనికే వేలాడదీసింది. చెవి మాత్రం అలవాటు కొద్దీ మళ్ళీ లోపలికి పట్టుకుపోయింది. వచ్చి రొట్టె ముక్కలు కాల్చి, వెన్న రాసి, పళ్ళెం నా ముందు పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసింది.

"నువ్వు చెయ్యగలిగిందంతా చేశావు వదినా. తిను."

అంతకన్నా తిట్టినా బాగుండేది. తమ్ముడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఆ రోజు కాగితం నేనూ చదివానక్కా. నిజమేనేమో అనిపించింది. అనలేదు. నువ్వు తింటే ఎక్కడ చెడిపోతుందోనని భయం వేసింది. నీ పళ్ళెం వంక చూస్తూ బతకడం నాకూ సిగ్గుగానే ఉంది. ఇక తిను."

తిన్నాను. నాలుగు ముక్కలు తిన్నాను. వెన్న వేళ్ళ మీదికి కారింది. ప్రతి ముద్దా గొంతు దాకా వెళ్ళి ఆగి, తోస్తే దిగింది. శుక్రవారం మరదలు బంగాళాదుంపలు ఉడికించింది, అన్నం పెట్టింది. వంటింటి తలుపు బార్లా తెరిచే ఉంది. నాకు మాత్రం ఆ ఇంట్లో అంతకుముందెప్పుడూ అంత ఊపిరి ఆడకుండా లేదు. నన్ను బంధించింది తాళం అయితే, అది తీశాక నేను ఎక్కడికైనా పోగలగాలి కదా.

శనివారం తమ్ముడి వెంట ఆసుపత్రికి వెళ్ళాను. యంత్రం ఎక్కించే ముందు వాడిని కాటా మీద నిలబెడతారు, దిగాక మళ్ళీ నిలబెడతారు. ఎన్ని నీళ్ళు తీశారో ఆ తేడా చెబుతుంది. నిండు బండి, ఖాళీ బండి. పద్దెనిమిదేళ్ళుగా నేను చేసే పనే, కాకపోతే ఇక్కడ కాటా మీద ఉన్నది నా తమ్ముడు. చెప్పులు విడిచి, సన్నబడిన కాళ్ళతో పలక ఎక్కి, అంకె సరిగా పడడానికి కదలకుండా ఊపిరి బిగబట్టాడు. దిగుతూ నా వైపు చూసి, "మోసం లేదక్కా, రాళ్ళేం దాచలేదు," అన్నాడు.

నవ్వాను. దాచింది ఎవరో నాకు తెలుసు.

వాడు యంత్రం పక్కన పడుకున్న నాలుగు గంటలూ బయట బల్ల మీద కూర్చున్నాను. మరదలు కట్టి ఇచ్చిన పొట్లం విప్పి రొట్టె తింటూ ఉన్నట్టుండి ఆగాను. గురువారం సాయంత్రం రొట్టె. శుక్రవారం అన్నం, దుంపలు. ఈ రోజు రొట్టె. రేపు ఆదివారం. కాగితంలో ఉన్నది నేను తు.చ. తప్పకుండా చేస్తున్నాను. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నకు నేను అసలు జవాబే చెప్పలేదని అప్పుడు తట్టింది. ఇవ్వాలని ఉందా అని ఆవిడ అడిగింది. నేను రొట్టె గురించి చెప్పి వచ్చేశాను. మిగిలిన రొట్టె పొట్లంలో చుట్టబోయి, చుట్టకుండా మొత్తం తిన్నాను. అది మాత్రం సులువుగా దిగింది.

సోమవారం డిపోకని చెప్పి, పరగడుపునే ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ ఎదురుగా నిలబడే చెప్పాను, అబద్ధమాడానని, ఆ మూడు రోజులూ ఏమీ తినలేదని, ఇప్పుడు తిన్నానని. ఇవ్వాలని ఉంది అని కూడా చెప్పాను. ఆ మాట ఆవిడ కోసం కాదు, నా చెవులతో నేను వినాలని. ఆవిడ చక్కెర నీళ్ళు తెప్పించింది. మళ్ళీ అదే కుర్చీ, అవే రెండు గంటలు. పరగడుపున ఎనభై ఎనిమిది. రెండు గంటలకు నూట ఇరవై ఆరు.

ఈ రెండూ ఒకే మనిషివి అందావిడ, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. బుధవారం నా కాగితాలు తనే పెద్ద డాక్టర్ల ముందు పెడతానంది. వాళ్ళు సరేనంటే మూడు వారాల్లో ఆపరేషన్, అప్పటిదాకా మళ్ళీ పొడి.

బయటికి వచ్చి ఇంటికి ఫోన్ చేశాను. మరదలు ఎత్తింది. గురువారం అబద్ధంతో సహా మొత్తం చెప్పాను, ఒక్కటీ దాచలేదు. అవతల ముక్కు ఎగబీల్చడం వినపడింది. తరవాత గొంతు సర్దుకుని, ఎన్నడూ లేనంత చిన్నగా అడిగింది.

"మళ్ళీ తాళం వెయ్యనా వదినా, వద్దా? నువ్వెలా అంటే అలా. పోనీ చెవి నీ దగ్గరే ఉంచుకో. ఎక్కడ పెట్టానంటే..."

"దుప్పట్ల అరలో, అన్నిటికన్నా అడుగున, పాత మేజోడులో," అన్నాను.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"మొదటి వారం నుంచీ."